చక్రాల కుర్చీకి చోటున్న బస్సు
(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. "మొన్న అమెరికా వెళ్లొచ్చావు కదా, డిస్నీ వరల్డ్ విశేషాలు చెప్పు, భోజనాల ముందు సరదాగా ఉంటుంది" అన్నారు. డిస్నీ వరల్డ్ గురించే చెప్తాను. అయితే మిక్కీ మౌస్, కోట, బాణసంచా వీటి జోలికి పోను. అవన్నీ మీ ఫోన్లలో మనవలు ఇప్పటికే చూపించి ఉంటారు. నేను చెప్పేది అక్కడి బస్సుల గురించి, పడవల గురించి, తీగ మీద నడిచే తొట్టెల గురించి. వాటిలో చక్రాల కుర్చీ ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది, ఎక్కడ చిక్కుకుంటుంది అనే సంగతి.

ఇదేం విషయం అని మీకనిపించవచ్చు. ముప్పై నాలుగేళ్లు బస్సు బాడీలు కట్టే వర్క్‌షాపులో పనిచేసినవాడికి ఏ దేశం వెళ్లినా చూపు బస్సు మెట్టు మీదే పడుతుంది. పైగా మా ఆవిడ ఆరేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంది. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పట్టు తప్పాయి. మీలో చాలామందికి ఆవిడ తెలుసు, ఈ బడిలోనే నాకన్నా మూడేళ్లు కింద చదివింది. మా అమ్మాయి ఫ్లోరిడాలో టాంపాలో ఉంటుంది. అక్కణ్ణుంచి డిస్నీ వరల్డ్ కారులో గంటంబావు. నాలుగు రోజులు అక్కడి హోటల్లోనే ఉన్నాం.

అమెరికా ప్రయాణమంటే మన పెద్దవాళ్లలో చాలామందికి వీల్‌చైర్ అనగానే విమానాశ్రయం గుర్తొస్తుంది. నడవగలిగినవాళ్లు కూడా టికెట్‌తోపాటే అది రాయించుకుంటారు. కుర్చీ కోసం కాదు, దాన్ని తోసే మనిషి దారి చూపిస్తాడని, కాగితాలు చూపిస్తాడని. తప్పు పట్టను. భాష రాని చోట దారి తెలియకపోవడం కూడా ఒక రకం ఇబ్బందే. కానీ కుర్చీ లేనిదే గడప దాటలేని మనిషితో వెళ్తే లోకం వేరుగా కనిపిస్తుంది. అంగుళం ఎత్తున్న గుమ్మం కూడా గోడే.

ముందు ఆ జాగా ఎంతో చెప్పాలి. 1971 అక్టోబర్ 1న తెరిచారు. మొత్తం సుమారు 25 వేల ఎకరాలు, అంటే వంద చదరపు కిలోమీటర్లు. లోపల నాలుగు పెద్ద పార్కులు. మొదటిది మాజిక్ కింగ్‌డమ్, తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచేది, 1998లో యానిమల్ కింగ్‌డమ్. ఇవి కాక రెండు నీళ్ల పార్కులు, పాతిక దాకా హోటళ్లు, ఒక పెద్ద అంగళ్ల వీధి. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి నడిచి పోదామంటే చాలా చోట్ల కుదరదు, మైళ్ల దూరం. అందుకని ఊరికి ఉన్నట్టే దానికి సొంత రవాణా ఉంది. బస్సులు నాలుగు వందల దాకా ఉంటాయి. మోనోరైలు ఉంది, పడవలున్నాయి, 2019 నుంచి స్కైలైనర్ అనే తీగమార్గం ఉంది. వీటికి విడిగా టికెట్ లేదు. ఎక్కడమే, దిగడమే.

ఇక బస్సు. మొదటి రోజు పొద్దున్న హోటల్ ముందు బస్టాపులో నిలబడ్డాం. అక్కడ కుర్చీల వాళ్లకి ఒక పక్కగా చోటు గీసి ఉంది. మా ముందు ఇరవై మంది ఉన్నారు. బస్సు వచ్చింది. డ్రైవరు ఒక ఆవిడ, యాభై ఏళ్లుంటాయి. తలుపు తెరిచింది కానీ ఎవర్నీ ఎక్కనివ్వలేదు. చెయ్యి చూపించి "కాస్త ఆగండి" అని అందరికీ చెప్పి, ముందు మా వైపు చూసింది. బస్సు ఉస్సుమని చప్పుడు చేసి తలుపు వైపు కిందికి ఒరిగింది. మన లారీలకి కమాను కట్టలుంటాయి. వీటికి వాటి బదులు గాలి తిత్తులు. ఆ తిత్తుల్లో గాలి వదిలేస్తే బస్సు ఆ పక్కకి వంగుతుంది. ఏనుగు మావటివాడి కోసం మోకాలు వంచినట్టు అనుకోండి. ఇంగ్లీషులో కూడా దీన్ని మోకరిల్లే బస్సనే అంటారు. అసలే నేల కిందికి ఉన్న బస్సు. ఇంజన్ వెనక్కి పెట్టి, ముందు ఇరుసును వంచి కట్టడంతో తలుపు నుంచి మధ్య దాకా మెట్టే ఉండదు. వంగిన తర్వాత తలుపు దగ్గర నేలలో ఉన్న పలక మడత విప్పుకొని బయటికి వచ్చి ఫుట్‌పాత్ మీద ఆనింది. అంతే. కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయాం.

లోపల ముందు భాగంలో రెండు చోట్ల సీట్లు పైకి మడిచేవి ఉన్నాయి. డ్రైవరు సీటు మడిచి, కుర్చీని బస్సు ముందు వైపుకి తిరిగేలా నిలబెట్టి, నాలుగు మూలలా నాలుగు పట్టీలు నేలలోని కొక్కేలకు బిగించింది. పైనుంచి ఒక బెల్టు. ఇదంతా చేసేటప్పుడు నాతో మాట్లాడలేదు. మా ఆవిడతో మాట్లాడింది. మా ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అక్కడి యాస అసలే రాదు. ఆ డ్రైవరు కళ్లలోకి చూసి, పట్టీ మీద చెయ్యి వేసి, తల ఊపి అడిగింది, బాగుందా అన్నట్టు. మా ఆవిడ తల ఊపింది. ఆరేళ్లలో ఆసుపత్రుల్లో, పెళ్లిళ్లలో, గుళ్లలో ఎవరైనా సరే "ఆవిడకి కాఫీ ఇవ్వమంటారా" అని నన్నడిగినవాళ్లే. ఆ రాత్రి హోటల్లో మా ఆవిడ చెప్పిన మొదటి మాట కోట గురించి కాదు, ఈ సంగతే.

తర్వాతే మిగతావాళ్లు ఎక్కారు. నాకున్న అలవాటు కొద్దీ వాచీ పెట్టుకుని చూశాను. పలక దించిన దగ్గర్నుంచి డ్రైవరు మళ్లీ సీట్లో కూర్చునేదాకా ఒకసారి నాలుగు నిమిషాలు, ఒకసారి ఆరు. ఎండలో నిలబడ్డవాళ్లు అందరూ నవ్వుతూ ఉంటారని అనుకోకండి. నిట్టూర్చేవాళ్లు ఉంటారు, "వీళ్లకి ముందా" అని గొణిగేవాళ్లు ఉంటారు. మనుషులు అక్కడా మనుషులే. అయితే ఆ ఆరు నిమిషాలు డ్రైవరు పనిలో భాగం. లేటయిందని ఎవరో తిడతారన్న భయం ఉన్నవాడు పట్టీ సరిగా బిగించడు, బిగించినా మొహం చూసి మాట్లాడడు. డ్రైవరు మర్యాద సగం టైంటేబుల్లో ఉంటుందని నేను వర్క్‌షాపులో ఉన్న రోజుల నుంచీ చెబుతూనే ఉన్నాను.

లోటు కూడా చెప్పాలి. బస్సుకి కుర్చీలు పట్టే చోట్లు మామూలుగా రెండే. మూడో కుర్చీ వస్తే తర్వాతి బస్సు దాకా ఆగాల్సిందే. పగలు ఇది పెద్ద విషయం కాదు. రాత్రి బాణసంచా అయిపోయి జనమంతా ఒక్కసారి బస్టాపుల మీద పడినప్పుడు కుర్చీల వరసే పొడుగ్గా ఉంటుంది. పైగా ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు బాగా పెరిగాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఎక్కువ దూరం నడవలేనివాళ్లు అద్దెకి తీసుకుంటారు. ఆ స్కూటర్‌ని బస్సులో వెనక్కి ముందుకి తిప్పి చోటులో ఇరికించడం అంటే ఇరుకు సందులో ట్రాక్టరు తిప్పడమే. నేను చూసినంతలో తోసే కుర్చీ వాళ్లదే సుఖం.

మోనోరైలు కథ వేరు. అది కూడా 1971 నుంచి ఉన్నదే, 1982లో ఎప్‌కాట్ దాకా పొడిగించారు. ఇప్పుడు నడుస్తున్న పెట్టెలు 1989లో రావడం మొదలైన రకం. ప్లాట్‌ఫారానికీ పెట్టె నేలకీ మధ్య ఖాళీ ఉంటుంది, ఎత్తులోనూ తేడా ఉంటుంది. దానికి వాళ్లు చేసిన ఉపాయం చాలా సాదా. మడిచే పలక ఒకటి తెచ్చి మధ్యలో వేస్తారు. కుర్చీ ఎక్కుతుంది, పలక తీసేస్తారు. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. "ఏ స్టేషన్లో దిగుతారు" అని ముందే అడుగుతారు. అక్కడివాళ్లకి కబురు వెళుతుంది, మనం దిగేచోట ఇంకొకరు పలక పట్టుకొని సిద్ధంగా ఉంటారు. పలక చెయ్యడం ఏ వడ్రంగికైనా వచ్చు. ఆ కబురు అందించడమే కష్టమైన పని. మాజిక్ కింగ్‌డమ్‌కి సొంత కారులో వచ్చినవాళ్లు ముందు సరస్సుకి ఇవతల గట్టున బండి పెట్టుకోవాలి. అక్కడి స్టేషన్లో ప్లాట్‌ఫారం మీదికి పొడుగాటి వాలు ఎక్కాలి. కుర్చీలో ఉన్నవాళ్లకి బాగానే ఉంటుంది కానీ తోసే అరవై నాలుగేళ్లవాడికి సగంలో ఊపిరి అందదు. ఆ వాలు వద్దనుకుంటే పక్కనే పెద్ద ఫెర్రీ పడవ ఉంది. ఆరు వందల మంది పడతారు, రెండు అంతస్తులు. కింది అంతస్తులోకి కుర్చీ నేరుగా దొర్లుకుంటూ పోతుంది. నా ఓటు ఫెర్రీకే. గోదావరి మీద పంటు ఎక్కి పెరిగినవాళ్లకి అది కొత్త కాదు.

చిన్న లాంచీల మాట వేరే. హోటళ్ల రేవుల నుంచి నడిచే చిన్న పడవల్లో అన్నిటిలోకీ కుర్చీ ఎక్కదు. పడవ రకాన్ని బట్టి, ఆ రోజు నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది. రేవు కదలదు, నీరు పైకీ కిందికీ అవుతుంది, పలక వాలు మారిపోతుంది. ఇది వాళ్లు దాచరు, ముందే చెబుతారు. అడిగి వెళ్లడం మంచిది.

స్కైలైనర్ దగ్గర మాత్రం నేను ఓ పావుగంట నోరు తెరుచుకుని నిలబడ్డాను. మా అమ్మాయి "నాన్నా, అందరూ చూస్తున్నారు" అనేదాకా కదల్లేదు. తీగ మీద వేలాడే తొట్టెలు, ఒక్కోదాంట్లో పదిమంది దాకా కూర్చోవచ్చు. తీగ ఎప్పుడూ ఆగదు. ఆగని తీగ మీద ఉన్న తొట్టెలోకి కుర్చీ ఎలా ఎక్కుతుంది? స్టేషన్‌లోకి రాగానే తొట్టె తీగను వదిలేస్తుంది. పైన ఉన్న పట్టు విడిపోయి, వేరే పట్టా మీద నిదానంగా నడుస్తుంది. నడవగలిగినవాళ్లు కదిలే తొట్టెలోకే అడుగు వేసి ఎక్కుతారు. కుర్చీ వాళ్ల కోసం కొన్ని తొట్టెల్ని పక్కనున్న ఇంకో దారిలోకి మళ్లిస్తారు. అక్కడ తొట్టె పూర్తిగా ఆగుతుంది. తీరిగ్గా ఎక్కి, కూర్చుని, తలుపు వేశాక మళ్లీ వరసలో కలుస్తుంది. అవతల ఇరవై తొట్టెలు ఆగకుండా సాగిపోతూనే ఉంటాయి. ఆలస్యం అవతలివాళ్లకి లేదు, తొందర ఇవతలివాళ్లకి లేదు. బస్టాపులో నిట్టూర్పులకు ఇంజనీరు చెప్పగలిగిన జవాబు ఇదే. దీన్ని తయారుచేసింది ఆస్ట్రియాకు చెందిన డోపెల్‌మేయర్ కంపెనీ.

అలాగని అదేమీ పుష్పక విమానం కాదు. తొట్టెల్లో ఏసీ ఉండదు, గాలి ఆడే సందులు మాత్రమే. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మామూలే. పిడుగు భయం ఉంటే ఆపేస్తారు, అప్పుడు మళ్లీ బస్సే గతి. 2019 సెప్టెంబర్ 29న మొదలుపెడితే అక్టోబర్ 5 రాత్రి స్టేషన్లో తొట్టెలు ఒకదానికొకటి అడ్డుపడి మొత్తం లైను ఆగిపోయింది. జనం మూడు గంటలకు పైగా గాలిలో వేలాడారు. కొందరిని అగ్నిమాపక సిబ్బంది దించాల్సివచ్చింది. కాళ్లు కదపలేని మనిషిని అంత ఎత్తు నుంచి ఎలా దించుతారు అనే ప్రశ్న ఎక్కేముందు నాకూ వచ్చింది. మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ కిటికీలోంచి చెరువు చూస్తూ కూర్చుంది.

వెళ్లబోయేవాళ్లకి రెండు మూడు పనికొచ్చే మాటలు. పార్కులో అద్దెకిచ్చే కుర్చీ ఆ పార్కు గేటు దాటి రాదు. బస్సుకి, హోటల్‌కి మీ సొంత కుర్చీయో, బయటి దుకాణంలో అద్దెకి తెచ్చినదో ఉండాలి. విమానాశ్రయం నుంచి హోటల్‌కి డిస్నీ వాళ్లే ఉచితంగా నడిపిన బస్సు 2022 జనవరి నుంచి లేదు. ఇప్పుడు డబ్బు కట్టి బస్సో వ్యానో మాట్లాడుకోవాలి. కుర్చీతో సహా ఎక్కే బండి కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పాలి. దిగాక చెబితే అది వచ్చేదాకా కూర్చోవాలి.

ఇదంతా విని "వాళ్లకి డబ్బుంది, మంచి మనసుంది" అనుకునే ప్రమాదముంది. డబ్బు మాట నిజమే. మంచి మనసు మాట దగ్గర కొంచెం ఆగాలి.

అమెరికాలో 1970లలో ప్రభుత్వమే ట్రాన్స్‌బస్ అని ఒక నమూనా తయారుచేయించింది. నేల కిందికి ఉండి, కుర్చీ ఎక్కడానికి ర్యాంపు ఉన్న బస్సు. 1979లో కొన్ని నగరాలు కలిసి టెండర్లు పిలిస్తే ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. అంటే ఎలా కట్టాలో తెలుసు, కట్టడానికి ఎవరూ ఇష్టపడలేదు. అంతకు ముందు ఏడాది, 1978 జూలై 5న, డెన్వర్ నగరంలో పందొమ్మిది మంది కుర్చీల వాళ్లు నడిరోడ్డు మీద సిటీ బస్సులకు ముందూ వెనకా అడ్డంగా నిలిచారు. కొందరు కుర్చీలు దిగి తారురోడ్డు మీదే పడుకున్నారు. ఆ రాత్రంతా కదల్లేదు. వాళ్లడిగింది ఒక్కటే, మేము కూడా బస్సెక్కాలి. ఆ ఊళ్లో ఈ రోజుకీ వాళ్లని పందొమ్మిది మంది ముఠా అని గౌరవంగానే పిలుస్తారు. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్ల ముందు దాదాపు అరవై మంది కుర్చీలు, ఊతకర్రలు వదిలేసి చేతులతో, మోకాళ్లతో పాకుతూ పైకి ఎక్కారు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప ఒకతి ఉంది. ఆ జూలై 26న అధ్యక్షుడు జార్జి బుష్, అంటే పెద్ద బుష్, వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టం మీద సంతకం పెట్టారు.

ఆ చట్టం కింద రవాణా శాఖ రాసిన నిబంధనల్లో నాకు నచ్చిన మాట ఒకటుంది. హోటళ్లు, కార్లు అద్దెకిచ్చేవాళ్లు, థీమ్ పార్కులు నడిపే బస్సులకు కూడా ఈ నిబంధనలు వర్తిస్తాయని అందులో పేరుపెట్టి రాశారు. జనం సరదా కోసం ఎక్కే రంగులరాట్నం లాంటివాటికి మాత్రం లెక్క వేరు. అంటే గమ్యం చేర్చే బండికి ఒక నియమం, వినోదం కోసం ఎక్కే బండికి ఇంకో నియమం. కొలతలు కూడా ఉన్నాయి. 22 అడుగులు మించిన బస్సులో రెండు కుర్చీలు నిలిపే చోట్లుండాలి. ఒక్కో చోటు 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు. లిఫ్టు 600 పౌన్ల బరువు మోయాలి, అంటే 270 కిలోలు. మా ఆవిడ కళ్లలోకి చూసి తల ఊపిన డ్రైవరు మంచితనం ఆవిడ సొంతం. ఆవిడ చేతిలోని నాలుగు పట్టీలు మాత్రం చట్టం పెట్టించినవి.

మన దగ్గర చట్టం లేదని కాదు. 1995లో ఒకటి వచ్చింది. దాని స్థానంలో 2016లో ఇంకా గట్టిది వచ్చింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో 41వ సెక్షన్ రవాణా గురించే. కానీ కింద రాసిన నియమాలు "ఇలా చేస్తే మంచిది" అన్నట్టు ఉన్నాయి. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఈ ముక్కే చెప్పింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు వేరుగా రాయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకి ఆధారమైన పెద్ద నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. దేశమంతా తిరిగి, కుర్చీలో ఉన్నవాళ్లని, చూపు లేనివాళ్లని అడిగి రాసిన నివేదిక. ఇది మనం గర్వపడాల్సిన సంగతి. ఈ సభలో ఉన్న లాయర్లు అది తప్పక చదవాలి.

పేరు విషయంలో మాత్రం మనం చాలా శ్రద్ధ తీసుకుంటాం. ఒకప్పుడు వికలాంగులు అన్నాం, ఇప్పుడు దివ్యాంగులు అంటున్నాం. పేరు ఏదైనా నాకు అభ్యంతరం లేదు. నా ఆసక్తంతా మెట్టు ఎత్తు మీదే. సిటీ బస్సులకు మన దేశంలో రాసుకున్న ప్రమాణంలో నేల ఎత్తు మూడు రకాలు: 400 మిల్లీమీటర్లు, 650, 900. పల్లెలకు తిరిగే బస్సులు చాలావరకు లారీ చాసిస్ మీద కట్టినవే, నేల ఇంకా పైనే ఉంటుంది. మన రోడ్లకి, గుంతలకి, వానాకాలం వాగులకి కింది నేల బస్సు పనికిరాదంటారు. కొంతవరకు నిజం. హైదరాబాద్ మెట్రోలో 2017 నుంచి లిఫ్టులున్నాయి, ప్లాట్‌ఫారమూ పెట్టె నేలా ఒకే ఎత్తు. అక్కడ కుర్చీ బాగానే దొర్లుతుంది. స్టేషన్ దిగి రోడ్డు మీదికి వచ్చాకే అసలు కథ.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను. ఇరవై నిమిషాల్లో పద్నాలుగు అయిపోయాయి, కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు.

మా ఆవిడ ఈ సభకి రాలేదు. ఫ్లోరిడాలో నాలుగు పార్కులు తిరిగిన మనిషి తను చదువుకున్న బడికి రాలేకపోయింది. గేటు ముందు కాలువ మీద వేసిన పలక సగం విరిగి ఉంది. లోపల వరండాకి రెండు మెట్లు. మరుగుదొడ్డికి ఇంకో రెండు మెట్లు, తలుపు ఇరుకు. "నలుగురు మోసుకెళ్తే అందరూ నన్నే చూస్తారు, నువ్వెళ్లిరా" అంది. ఇది మా ఇంటి సంగతి. దీనికోసమే అయితే మిమ్మల్ని విసిగించేవాణ్ణి కాదు.

ఇప్పుడు మన బడిలో ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. పక్క ఊరి నుంచి పిల్లల్ని తెచ్చే వ్యానులో కుర్చీకి చోటు లేదు. తండ్రి రోజూ మోపెడ్ మీద ముందు కూర్చోబెట్టుకుని తెచ్చి, ఎత్తుకుని తరగతిలో బెంచీ మీద కూర్చోబెట్టి కూలిపనికి పోతాడు. కుర్చీ ఇంట్లోనే ఉంటుంది. సాయంత్రం తండ్రి వచ్చేదాకా ఆ పిల్ల ఆ బెంచీ మీదే. పొద్దున్న నుంచి మంచినీళ్లు తాగదు. తాగితే వెళ్లాల్సి వస్తుందని. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, మొన్న ఆ తండ్రి నాతో చెప్పిన మాట. లెక్కల్లో క్లాసులో మొదటిది అని కూడా చెప్పాడు.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర స్వాగత తోరణం కట్టాలని నిర్ణయించింది. తోరణం నమూనా చూశాను, బాగుంది. ఆ డబ్బులో కొంత ముందు వేరే పనికి వాడమని నా అభ్యర్థన. ఖర్చు ఎంతో చెప్పడానికి లెక్కల మాస్టారి పాఠం చాలు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. వరండా ఎత్తు 14 అంగుళాలు, కాబట్టి ర్యాంపు 14 అడుగులు. మరుగుదొడ్డి గట్టు 10 అంగుళాలు, 10 అడుగులు. అక్కడ తలుపు తీసేసి మూడడుగుల వెడల్పుది పెట్టాలి, లోపల గోడకి రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు. బడిలో ఉంచడానికి ఒక కుర్చీ. అప్పుడు ఇంటినుంచి కుర్చీ తేనక్కర్లేదు, మోపెడ్ మీద వచ్చినా ఫరవాలేదు.

ఈ వేదికకి కూడా ర్యాంపు కావాలి, కాదనను. వేదిక మూడడుగుల ఎత్తు, 36 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి అయిదడుగుల చదును. కానీ అది ఆఖర్న. వేదిక ఏడాదికి నాలుగుసార్లు వాడతాం, మరుగుదొడ్డి రోజూ వాడాలి. ముందు మరుగుదొడ్డి, తర్వాత వరండా, తర్వాత వేదిక. ఈ వరస మాత్రం మార్చకండి.

"ఒక్క పిల్ల కోసం ఇంత ఖర్చా" అని నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఈ హాల్లోకి వచ్చేటప్పుడు తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టాను. చేతికర్రతో వచ్చినవాళ్లు పదకొండు మంది, పక్కవాళ్ల భుజం పట్టుకుని మెట్లెక్కినవాళ్లు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో అడిగిన మిత్రుడు కూడా ఉన్నాడు.

వ్యాను సంగతి. వ్యాను డ్రైవరుతో మాట్లాడాను, మనిషి మంచివాడే. వెనక తలుపు తెరిస్తే కుర్చీ పట్టే వెడల్పుంది, ఒక వరస సీటు మడిచేలా మారిస్తే చాలు. మోనోరైలులో చూసిన పలకలాంటిది ఒకటి గీతల అల్యూమినియం రేకుతో నేనే చేయించి ఇస్తాను, ఆ ఖర్చు నాది. పట్టీలు నాలుగు, కొక్కేలు నాలుగు, అవి బిగించడం డ్రైవరుకి నేర్పడం నా పూచీ. ఆ వ్యాను బయల్దేరే ముందు మన బడి ఆయమ్మకి ఒక ఫోన్ చెయ్యాలి, పాప వస్తోందని. అది కూడా ఒప్పుకున్నాడు.

నిన్న సాయంత్రం మీరంతా పాత ఫొటోలు చూస్తున్నప్పుడు నేను, హెడ్‌మాస్టారుగారు టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాం. గీసిన కాగితం కార్యదర్శిగారి ఫైల్లో ఉంది. గేటు ముందు కాలువ మీది పలక పంచాయతీది, దాని మీద చెయ్యి వేయాలంటే వాళ్ల అనుమతి కావాలి. ఆ అర్జీ మీద సంతకాలకి మధ్యాహ్నం భోజనాల దగ్గర కాగితం పెడుతున్నాం.